ఏఐ అసిస్టెంట్లు: బిట్లు తయారుచేయడానికి భేష్, పేపర్లు దిద్దడానికి వద్దు

లెక్చరర్ల పనిలో ఏఐ అసిస్టెంట్ బాగా అక్కరకొచ్చేది ప్రశ్నల తయారీలో. అలాగని "ఈ యూనిట్ మీద 20 బిట్లు ఇవ్వు" అని వదిలేస్తే వచ్చేది నాసిరకమే. సరైన ఆప్షన్ తరచూ మిగతా వాటికన్నా పొడుగ్గా ఉంటుంది. పాఠం చదవని విద్యార్థి కూడా దాన్ని ఇట్టే పట్టేస్తాడు.

అడిగే తీరు మార్చాలి. ప్రతి తప్పు ఆప్షనూ విద్యార్థులు నిజంగా చేసే ఒక పొరపాటు నుంచి రావాలనీ, ఆ పొరపాటేమిటో పక్కనే రాయాలనీ చెప్పండి. ఉదాహరణకు, క్రమంలో పేర్చిన 1000 అంశాల్లో, ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌కి గరిష్ఠంగా ఎన్ని పోలికలు కావాలి? జవాబు 10. 1000 అన్నవాడు ఒక్కొక్కటే వరుసగా చూసే లీనియర్ సెర్చ్‌తో కలగలిపాడు. 500 అన్నవాడు సగం చేయడం ఒక్కసారితో అయిపోతుందనుకున్నాడు. 9 అన్నవాడికి లాగరిథమ్ వచ్చు, కాకపోతే 1000కి బేస్ 2 లాగరిథమ్ అయిన 9.97ని కిందికి దించేశాడు. బిట్లు ఇలా ఉంటే ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో పేపరే చెప్పేస్తుంది.

బ్లూమ్స్ లెవెల్ (ప్రశ్న జ్ఞాపకాన్ని అడుగుతోందా, విశ్లేషణను అడుగుతోందా వంటి ఆలోచనా స్థాయి) మాత్రం ఏఐకి అప్పగించకండి. "విశ్లేషించండి" అన్న మాట కనిపిస్తే చాలు, నాలుగో లెవెల్ వేసేస్తుంది. ఆ విశ్లేషణ మీ నోట్స్‌లో ఉన్నదున్నట్టుగా ఉందనుకోండి, అది ఉత్త జ్ఞాపకశక్తి ప్రశ్నే. క్లాసులో ఏం చెప్పారో తెలిసినవాళ్లే ఈ తేడా పట్టగలరు.

లెక్కలకు కీ కావాలంటే, కోడ్ నడిపే సౌకర్యం ఉన్న అసిస్టెంట్‌లో పైథాన్‌తో చేయించి జవాబు తీసుకోండి. మాటల్లో చేయిస్తే మధ్యలో గుర్తు మారిపోవచ్చు, యూనిట్ తప్పిపోవచ్చు. చివరి జవాబు మాత్రం ధీమాగానే ఉంటుంది.

సొంత నోట్స్ నుంచి పని జరగాలంటే, మీరిచ్చిన ఫైళ్ల ఆధారంగా జవాబులిచ్చే గూగుల్ వారి నోట్‌బుక్‌ఎల్‌ఎమ్ మేలు. జవాబు పక్కనున్న నంబరు నొక్కితే మీ పీడీఎఫ్‌లోని ఆ భాగాన్ని చూపిస్తుంది. నంబరుంది కదా అని నమ్మేయకండి. మూలంలో "ఈ షరతు ఉంటేనే" అన్న ముక్క జవాబులో జారిపోవచ్చు. స్కాన్ చేసిన పాత నోట్సయితే అక్షరాలు సెలెక్ట్ అవుతున్నాయో లేదో ముందే చూసుకోండి. రిఫరెన్సులు అడిగితే డీఓఐ (పరిశోధనా పత్రానికి ఉండే గుర్తింపు నంబరు) కొట్టి చూడనిదే సిలబస్‌లో పెట్టొద్దు.

ఇక దిద్దడం. ఒకే జవాబును ఏఐకి రెండుసార్లు ఇస్తే ఒకసారి 10కి 6, మరోసారి 8 వేయవచ్చు. పొడుగ్గా, నున్నగా రాసినదానికి మొగ్గే గుణం కూడా ఉంది. రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) మీరే రాసి, మార్కులు మీరే వేసి, వాటికి తగిన వ్యాఖ్యలు రాయించుకోవడం వరకు బాగానే ఉంటుంది. పేర్లు, రోల్ నంబర్లు తీసేశాకే జవాబును అతికించండి.

"ఇది ఏఐ రాసిందా?" అని చెప్పే డిటెక్టర్లను నమ్మి విద్యార్థి మీద చర్య తీసుకోవడం అన్యాయం. ఓపెన్‌ఏఐ (చాట్‌జీపీటీ తయారుచేసిన సంస్థ) తెచ్చిన డిటెక్టర్ ఆ సంస్థ పరీక్షలోనే, ఇంగ్లిష్ రచనల మీద, ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతగా ముద్ర వేసింది. 60 మంది సొంతంగా రాసిన క్లాసులో అదే లెక్కన ఐదుగురు నిర్దోషులు దొరికిపోతారు. కచ్చితత్వం తక్కువని 2023 జూలైలో దాన్ని సంస్థే ఆపేసింది. అనుమానం వస్తే విద్యార్థిని పిలిచి, తను రాసినదాంట్లోంచే ఒక మెట్టు చూపించి, విలువలు మార్చి బోర్డు మీద చేయమనండి. ఐదు నిమిషాలు చాలు.