మాగిన సీసా, వాడిన సీసా: బోర్దోలో మూడు రోజులు

ఫ్రాన్సులో వైనుకు పేరుపడ్డ బోర్దో వైపు వెళ్లేవారికి ముందుగా ఒక మాట. అక్కడికి దగ్గర్లోని సెంతెమిలియోన్ అనే వైను ఊరి సందుల్లో భోజనానికి కూర్చున్నప్పుడు, బిరడా అప్పటికే తీసేసిన వైను సీసా తెచ్చి బల్ల మీద పెడితే తిప్పి పంపించండి. మేము మొహమాటపడ్డాం. ఆ మొహమాటం ఖరీదు 78 యూరోలు. యూరోకు వంద రూపాయల లెక్కన వేసుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

వెళ్లింది ముగ్గురం: నేను, మా ఆవిడ, మా అక్క భర్త. అక్క తూలూజ్‌లో చదువుకుంటున్న మేనల్లుడి దగ్గరే ఉండిపోయింది. కొడుకు వండే పాస్తా మూడో పూటకే మొహం మొత్తి, బావగారు మాతో రైలెక్కారు. ఆయన విస్కీ మనిషి. ‘పులిసిన ద్రాక్షరసానికి ఇంత ఊరేగింపు అవసరమా?’ అన్న ప్రశ్న దారి పొడుగునా వినిపిస్తూనే ఉంది. మా ఆవిడ చుక్క కూడా ముట్టదు. వైను గురించి నాలుగు పుస్తకాలు చదివి పెద్దరికం తెచ్చుకున్నది నేనొక్కడినే.

బోర్దోలో సెంజాన్ స్టేషన్ దగ్గర రెండు గదులు తీసుకున్నాం, గదికి రాత్రికి 94 యూరోలు. శుభ్రంగానే ఉంది, లిఫ్టులో మాత్రం ఇద్దరూ ఒక పెట్టె పడితే గొప్ప. మొదటి రోజు 2016లో తెరిచిన వైను మ్యూజియం సితే ద్యు వాన్ చూశాం. టికెట్‌లోనే ఎనిమిదో అంతస్తులో ఒక గ్లాసు వైను ఇస్తారు, గారోన్ నది బాగా కనిపిస్తుంది. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

రెండో రోజు సెంతెమిలియోన్. రైల్లో నలభై నిమిషాలు, దిగాక ద్రాక్షతోటల మధ్య ఇరవై నిమిషాల నడక. ఊరు అందంగా ఉంది, కాదనను. సున్నపురాతి కొండనే తొలిచి కట్టిన చర్చి ఉంది. తోటలతో సహా ఊరు మొత్తాన్ని 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జూన్ ఎండ మాడ్చేస్తుంటే నీడ చూసుకుని ఒక భోజనశాలలో కూర్చున్నాం. వడ్డించే కుర్రవాడు 2013 నాటి సీసా చూపించి, ‘పాతది, పైగా గ్రాన్ క్రూ’ అన్నాడు, అంటే మేలురకం తోటదని. పాతది అనగానే నా పుస్తక జ్ఞానం పడుకుంది. లోపలికి వెళ్లి బిరడా తీసి మరీ తెచ్చాడు. గ్లాసు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలింది, కిటికీ పక్క అలమరలో ఎండకు కాగిన సరుకు. కాస్త చల్లబరచమంటే, ఎర్ర వైను గది వేడిలోనే తాగాలని నాకే పాఠం చెప్పాడు. ఆ మాట పుట్టింది రాతి గోడల చల్లటి ఇళ్లలో. 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాల్సిన వైనును ఎండాకాలపు గదితో సమానం చేస్తే మిగిలేది సారా ఘాటే. ఆ సీసాలో అదీ సరిగా లేదు. పులుపు ముందుకొచ్చింది, పండు రుచి జాడలేదు, గుటక దిగాక నోట్లో ఏమీ మిగలలేదు. బావగారు నా మొహంలోకి చూసి నీళ్ల సీసా అందుకున్నారు. ఆ నిశ్శబ్దం బిల్లు కంటే బరువుగా ఉంది.

ఆ పూట నేను నేర్చుకున్నవి రెండు. అక్కడ ‘గ్రాన్ క్రూ’ అన్న ముద్ర వందల తోటల సీసాల మీద ఉంటుంది. నిజంగా ఎంపిక చేసిన జాబితా వేరు. దానిలోని తోటల సీసాల మీద ‘గ్రాన్ క్రూ క్లాసే’ అని రాసి ఉంటుంది. 2022 జాబితాలో ఉన్నవి 85 తోటలే. రెండోది, 2013 ఆ ప్రాంతానికి కలిసిరాని ఏడాది. వసంతం చలితో, వానలతో గడిచి పూత రాలిపోయింది, ముఖ్యంగా మెర్లో ద్రాక్షకు. సెంతెమిలియోన్ వైనుకు ప్రాణం ఆ మెర్లోయే. పిందెను గడ్డిలో పెడితే మాగదు, వాడిపోతుంది. పన్నెండేళ్లు దాచినా వాడిన పిందెకు పండు రుచి ఎక్కడి నుంచి వస్తుంది? తిరుగుదారిలో ఒక దుకాణంలో అదే సీసా 24 యూరోలకు కనిపించింది. ‘చెప్పకుండా ఉండాల్సింది’ అంది మా ఆవిడ. అప్పటికే చెప్పేశాను.

మూడో రోజు ఉదయం బావగారు రానన్నారు. పోయాక్ అనే మరో వైను ఊళ్లో ఓ చిన్న తోటవారికి వారం ముందే ఉత్తరం రాసి సమయం తీసుకున్నానని బతిమాలితే కదిలారు. గంటకు పైగా రైలు. లాఫిత్, లాతూర్, మూతోన్ అనే వైను తోటల మహారాజులు మూడూ ఈ ఒక్క ఊరి పరిధిలోనే ఉన్నాయి. 1855లో పారిస్ ప్రదర్శన కోసం పోయాక్ ఉన్న మెదోక్ ప్రాంతపు వైన్లకు అయిదు తరగతులు కట్టారు. ఆ తరవాత మొదటి తరగతికి ఎక్కింది మూతోన్ ఒక్కటే, అదీ 1973లో. వాటి సీసా వందల యూరోలు. మేము వెళ్లిన తోటకు ఆ జాబితాతో సంబంధం లేదు. రుచి చూడడానికి మనిషికి 12 యూరోలు. తాగని మా ఆవిడకు డబ్బు తీసుకోలేదు.

యజమాని, అరవై దాటిన మనిషి, ముందు తోటలోకి తీసుకెళ్లి గులకరాళ్లు చూపించారు. వాన నీరు నిలవనివ్వవు, పగటి వేడిని రాత్రికి దాస్తాయి, ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యోన్ ద్రాక్షకు అదే కావాలి. తరవాత 225 లీటర్ల ఓక్ పీపాల గది, అక్కడి నుంచి రుచి బల్ల. మొదట 2019 పోశారు. నాలుక చిగుళ్లకు అతుక్కుపోయింది. ఇంగ్లీషులో దీన్ని టానిన్ అంటారు, మనకు అంతకంటే మంచి మాట వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేది అదే, మనం దాన్నొక రుచిగా లెక్కపెట్టాం కూడా. వగరు, పులుపు, పండు మూడూ బలంగా ఉన్న వైనే దాచడానికి పనికొస్తుందని ఆయన అన్నారు. బావగారికి ఇది నచ్చింది, గట్టిగా ఉందట.

అప్పుడు 2010 తెచ్చారు. మడ్డి అడుగున చేరాలని ముందురోజే నిలబెట్టి ఉంచారు. మా ఎదుటే బిరడా తీసి, సీసా మెడ కింద దీపం పెట్టి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేసి గాజు కూజాలోకి వంపారు. గ్లాసు వంచితే అంచున ఇటుక రంగు. నాకు మొదట నేరేడు పండు, ఆ తరవాత పెన్సిలు చెక్కిన పొట్టు వాసన వచ్చింది. మా ఆవిడ గ్లాసు లాక్కుని వాసన మాత్రం చూసి, ‘మా తాతయ్య చుట్టల పెట్టె’ అంది. అనువదించి చెబితే ఆయన చప్పట్లు కొట్టారు. మాగిన పోయాక్‌కు పొగాకు, దేవదారు పెట్టె వాసనలే గుర్తులట. నాలుగు పుస్తకాలు చదివిన నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. వగరు పోలేదు, మెత్తబడింది, పట్టుపంచెలా నాలుక మీద జారింది. మింగాక లెక్కపెడితే ముప్పై దాటినా రుచి వదలలేదు. లోపమూ చెప్పాలి: గంట గడిచేసరికి గ్లాసులో మిగిలింది డీలాపడింది. ఇది ఇంకా దాచే సీసా కాదు, ఇప్పుడే తాగేయాల్సింది. అయినా దుకాణంలో ఇలాంటిది 60 యూరోలు చెప్పినా ఇస్తాను.

2010 అమ్మలేదు, మిగిలింది తమకేనన్నారు. 2019 రెండు సీసాలు, ఒక్కోటి 38 యూరోలకు తీసుకున్నాను. మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా తేనిస్తారు కాబట్టి ఇబ్బంది రాలేదు. 2032కు ముందు తెరవవద్దన్నారు. హైదరాబాదు ఎండల్లో అన్నాళ్లు ఎక్కడ దాచాలో ఆయన చెప్పలేదు. ప్రస్తుతానికి ఒక సీసాను బిరడా ఎండకుండా ఫ్రిజ్‌లో కూరగాయల అరలో అడ్డంగా పడుకోబెట్టాం, సొరకాయ పక్కన. బావగారికిచ్చిన రెండో సీసాను విజయవాడ చేరిన వారానికే ఆయన తెరిచేశారని అక్క ఫోనులో చెప్పింది. సోడా కలిపారా అని అడిగితే మాట మార్చింది.