ప్రపంచ నౌకాయాత్రలో తొలి వారం: పెద్ద ఓడ మేలా, చిన్న ఓడ మేలా?

మూడు నాలుగు నెలల ప్రపంచ నౌకాయాత్రకు సిద్ధమయ్యేవాళ్లు ముందుగా రేవుల జాబితా తిరగేస్తారు. సిడ్నీ ఉందా, కేప్‌టౌన్ ఉందా అని. నన్నడిగితే ముందు చూడాల్సింది తొలి వారం. ఓడ ఏ సముద్రంలోకి బయల్దేరుతుంది, ఎన్నాళ్లకు నేల కనిపిస్తుంది, రాత్రి భోజనానికి పక్కన ఎవరుంటారు అన్నవి ఒంటికీ మనసుకీ సరిపడితే మిగతా వంద రోజులూ వాటంతటవే గడుస్తాయి.

పోలికకు రెండు ఓడల్ని తీసుకుందాం. కునార్డ్ సంస్థ క్వీన్ మేరీ 2 సముద్రంలోకి వచ్చింది 2004లో. పొడవు 345 మీటర్లు, ప్రయాణికులు సుమారు 2,700 మంది. రీజెంట్ సంస్థ సెవెన్ సీస్ మారినర్ 2001 నాటిది. పొడవు 216 మీటర్లు, ప్రయాణికులు 700 మంది, గదులన్నీ బాల్కనీ ఉన్న సూట్లే. రెండూ ప్రపంచయాత్రలు చేసినవే. అన్నట్టు, 1922లో న్యూయార్క్ నుంచి బయల్దేరిన కునార్డ్ ఓడ లాకోనియా ఇలాంటి యాత్రలకు ఆద్యురాలు. అందులో వెళ్లింది 450 మంది దాకానే. అంటే ఈ సరదా చిన్న గుంపుతోనే మొదలైంది.

పెద్ద ఓడ ఊగదు, చిన్నది ఊగుతుంది అని చాలామంది లెక్క. అది సగమే నిజం. క్వీన్ మేరీ 2ను ఉత్తర అట్లాంటిక్ కోసమే కట్టారు. పది మీటర్లు నీళ్లలో మునిగి ఉంటుంది, 30 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 55 కిలోమీటర్ల దాకా పోగలదు. కానీ దాని ప్రపంచయాత్ర చాలాసార్లు జనవరిలో ఇంగ్లండ్ రేవు సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ దాటింపుతో మొదలవుతుంది. దాదాపు వారం పాటు రేవు లేదు, పైగా చలికాలపు అట్లాంటిక్. ఎంత గట్టి ఓడైనా ఆ అలల మీద కదలకుండా ఉండదు. ఫ్లోరిడా నుంచి కరీబియన్ వైపు బయల్దేరే చిన్న ఓడకు మొదట దొరికేది వెచ్చని నీళ్లు, కొద్ది రోజుల్లోనే ఒక రేవు. కాబట్టి ఓడ సైజు కన్నా మొదటి మజిలీ ఎక్కడన్నదే ముఖ్యం. కడుపు తేలిగ్గా తిప్పేవాళ్లు ఈ ఒక్క కారణంతోనే ఫ్లోరిడా ఆరంభాన్ని ఎంచుకోవచ్చు.

గది సంగతి ఇంకా విచిత్రం. ఓడ అడుగున రెక్కల్లా ఉండే స్టెబిలైజర్లు పక్కలకు ఒరిగే ఊపును తగ్గిస్తాయి గానీ, ముందూ వెనకా లేచి పడే కదలికను పెద్దగా ఆపలేవు. ఆ కదలిక అన్నిటికన్నా తక్కువ తెలిసేది ఓడ నడుమ, కింది డెక్‌లలో. ఖరీదైన సూట్లేమో తరచుగా పైన గానీ, చివర్లో గానీ ఉంటాయి. ఎక్కువ డబ్బు పోసి ఎక్కువ ఊగడమన్నమాట! కడుపు తిప్పకుండా చెవి వెనక అంటించే మందు పట్టీ వాడేవాళ్లు ఓడ కదలడానికి కొన్ని గంటల ముందే అంటించుకోవాలి. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు, పెద్దవయసువాళ్లు డాక్టర్ని అడగకుండా దాని జోలికి పోకూడదు.

గడియారం విషయంలో ఓడల మధ్య తేడా లేదు, దిక్కులోనే ఉంది. పడమటికి పోతే కొన్ని రాత్రులకు ఒక గంట కలిసొస్తుంది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ చేరేసరికి అలాంటివి ఐదు గంటలు. తూర్పుకు పోతే అంతే గంటలు పోతాయి. నిద్రను ముందుకు లాక్కోవడం కన్నా ఆలస్యం చేసుకోవడం చాలామంది శరీరాలకు సులువు. నా ఓటు పడమటికే.

ఇక భోజనం. క్వీన్ మేరీ 2లో గదిని బట్టి భోజనశాల ఉంటుంది: మామూలు గదులకు బ్రిటానియా, ఖరీదైనవాటికి ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్. ఈ తరగతుల పద్ధతి కొందరికి ముచ్చటగా ఉంటుంది, నాకు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ బ్రిటానియాలో రోజూ అదే బల్ల, అవే ముఖాలు ఉండేలా కూర్చునే పద్ధతికి ఒక గొప్ప సుగుణముంది. ఒంటరిగా వచ్చినవాళ్లు రెండో రాత్రికల్లా నలుగురికి తెలిసిపోతారు. మారినర్ లాంటి ఓడల్లో ఎప్పుడైనా, ఎక్కడైనా కూర్చోవచ్చు. జంటలకు అది హాయి. ఒంటరివాళ్లకు మాత్రం తొలి రాత్రులు ఇబ్బందే, ప్రతిసారీ ఎవరో ఒకరి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చోమంటారా అని అడగాలి.

ఖర్చు లెక్క త్వరగా తేలుతుంది. రీజెంట్ టికెట్‌లోనే పానీయాలు, టిప్పులు, ఒడ్డున చూపించే యాత్రలు చాలావరకు కలిసి ఉంటాయి. క్వీన్ మేరీలో మామూలు గదుల వాళ్లకు పానీయాల బిల్లు విడిగా పెరుగుతూ పోతుంది. కలిపి ఇచ్చే యాత్రల్లోనూ ఒక మెలిక ఉంది. బాగున్నవి ఓడ ఎక్కకముందే నిండిపోతాయి. అందుకే తొలి రెండు రోజులూ యాత్రల కౌంటర్ దగ్గర వరుస కనిపిస్తుంది.

ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రయాణికులకు నేర్పే భద్రతా కసరత్తు రెండు ఓడల్లోనూ తప్పదు. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ మునిగాక, ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో అది జరగాలని అంతర్జాతీయ నియమం మారింది.

స్నేహాల మాటకొస్తే, పెద్ద ఓడలో ఒక చిక్కు. న్యూయార్క్ రాగానే బోలెడుమంది దిగిపోతారు, కొత్తవాళ్లు ఎక్కుతారు. వారంలో కుదిరిన పేకాట జట్టు రాత్రికి రాత్రే చెదిరిపోవచ్చు. పరిచయమైన మొదటి రోజే "మీరు చివరిదాకానా?" అని అడగడం ఇలాంటి యాత్రల్లో మర్యాదే. చిన్న ఓడలోనూ మజిలీ మజిలీకీ దిగేవాళ్లుంటారు గానీ, 700 మందిలో ముఖాలు త్వరగా గుర్తుంటాయి. నచ్చనివాళ్లను తప్పించుకోవడమూ అంతే కష్టం.

జంటగా, కడుపు సున్నితంగా ఉండి, బిల్లు చూసి ఉలిక్కిపడటం ఇష్టం లేనివాళ్లు చిన్న ఓడ ఎక్కండి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు, గ్రంథాలయం, ప్లానెటేరియం, ఉపన్యాసాలతో రేవు లేని వారాన్ని గడపగలిగినవాళ్లకు క్వీన్ మేరీయే మేలు. అందులో 2016 నుంచి ఒక్కరి కోసమే కట్టిన గదులూ ఉన్నాయి. అవి కొద్దిగానే ఉన్నాయి కాబట్టి తేదీలు ప్రకటించిన వెంటనే అడగాలి. బల్ల నచ్చకపోతే మొహమాటపడకుండా రెండో రోజు పొద్దున్నే భోజనశాల పెద్దకు చెప్పండి, అప్పుడైతే మార్చడానికి చోటుంటుంది.