రేటింగ్ కాదు, తేదీ చూడండి: ఆఫీసు ట్రిప్పుల్లో అన్‌ట్యాప్డ్

అన్‌ట్యాప్డ్ నా ఫోన్‌లోకి వచ్చి ఏళ్ళు గడిచాయి. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: తాగిన బీరుని ఇందులో చెక్-ఇన్ చేస్తాం, అంటే నమోదు చేస్తాం, ఫొటో పెడతాం, అయిదుకి ఎంతో పావు పావు చొప్పున రేటింగ్ ఇస్తాం, ఎక్కడ తాగామో కూడా రాస్తాం. 2010 నుంచీ ఉన్న యాప్. మనవైపు ఎవరికైనా చూపిస్తే "బీరు తాగడానికి కూడా యాప్ కావాలా నీకు" అని నవ్వుతారు. నిజమే, వైన్స్ కౌంటర్ దగ్గర ఉండేవి రెండే ప్రశ్నలు, లైటా స్ట్రాంగా, కూలింగ్ ఉందా లేదా. ఇక్కడ హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ నాకూ దీని అవసరం పడదు. కానీ ఉద్యోగం పేరుతో బెంగళూరు, పుణె, గురుగ్రామ్ తిరిగేవాడికి, మీటింగులు అయ్యాక హోటల్ రూమ్‌లో టీవీ రిమోట్ పట్టుకుని కూర్చోవడం ఇష్టంలేనివాడికి, ఆ ఊళ్ళో కాచిన బీరు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే సాయంత్రం గడిచిపోతుంది.

అసలు విషయం ముందే చెప్పేస్తా. ఇందులో రేటింగ్ చూసి బీరు ఎంచుకోవడం శుద్ధ దండగ. ఎక్కువ రేటింగులన్నీ చిక్కటి నల్ల స్టౌట్‌లకీ, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) దట్టించిన చేదు డబుల్ ఐపీఏలకీ పోతాయి. శుభ్రంగా, పద్ధతిగా చేసిన లాగర్‌కి (మామూలు సీసా బీరు రకం) గానీ గోధుమ బీరుకి గానీ పాపం మూడు, మూడున్నర దగ్గరే బండి ఆగిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి ప్రెజెంటేషన్ పెట్టుకున్నవాడికి కావాల్సింది ఆల్కహాల్ అయిదు శాతం లోపు ఉండే తేలిక సరుకు, తొమ్మిది శాతం స్టౌట్ కాదు కదా. పైగా మన దేశంలో ఇది వాడేవాళ్ళు తక్కువ, ఒక్కో బీరుకి నలుగురో అయిదుగురో ఇచ్చిన సగటుని నమ్మి క్యాబ్ బుక్ చేసుకోవడం నావల్ల కాదు.

మరి దేనికి పనికొస్తుందయ్యా అంటే, తేదీలకి. ఒక పబ్ పేజీ తెరిచి ఆఖరి చెక్-ఇన్ ఎప్పుడు పడిందో చూస్తా, గత రెండు వారాల్లో ఎవరైనా అక్కడ ఏం తాగారో, ఫొటోలో గ్లాసు వెనకాల బోర్డు మీద ఏ పేర్లు రాసున్నాయో చూస్తా. మెనూలని అస్సలు నమ్మను. గురుగ్రామ్‌లో ఒకచోట (పేరెందుకు లెండి) మెనూ కార్డులో ఎనిమిది రకాలు ఉంటే ట్యాప్‌లో వచ్చేవి రెండే, అందులో ఒకటి నోట్లో పెట్టగానే పాప్‌కార్న్ మీద పోసిన వెన్న వాసన. ఆ వాసన వచ్చిందంటే పులియబెట్టడం పూర్తిగా అవ్వకుండానే బయటికి తీశారనో, బీరు వచ్చే పైపులు సరిగ్గా కడగట్లేదనో అనుమానించాలి.

ఈ తేదీల పిచ్చి ఎందుకంటే, ఫ్యాక్టరీ సీసా బీరుని మామూలుగా వేడిచేసి సూక్ష్మజీవులని చంపుతారు కాబట్టి నెలల తరబడి పాడవకుండా ఉంటుంది. మైక్రోబ్రూవరీలో, అంటే తన బీరు తనే కాచుకునే పబ్‌లో, ట్యాంక్ నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చేదానికి మామూలుగా ఆ వేడిచేయడం ఉండదు, పాతబడే కొద్దీ ముందు పోయేది హాప్స్ వాసనే. అందుకని యాప్ మూసేసి కౌంటర్ దగ్గర నిలబడి, "కొత్తగా ఏ ట్యాంక్ ఓపెన్ చేశారు?" అని అడగడం నా పద్ధతి. చాలాచోట్ల చిన్న గ్లాసులో రుచి చూడటానికి ఊరికే పోస్తారు. మొహమాటపడకండి, అడగండి.

బెంగళూరులో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ జనం ఎక్కువ, బీరు నిలవ ఉండదు. ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులో 2010లో తెరిచిన టాయిట్ అనే పబ్‌లో బాస్మతి బ్లాండ్ అని బియ్యం వేసి చేసేది ఒకటి ఉంది, ఎండాకాలం సాయంత్రం అది చాలు. వాళ్ళ గోధుమ బీరు వైస్ తీసుకుంటే మాత్రం గబుక్కున తాగకండి, నురగ కొంచెం దిగేదాకా ఆగి ముక్కు దగ్గర పెట్టుకోండి, బాగా మగ్గిన చక్కెరకేళి వాసన, దాని వెనకాలే లవంగం. అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు, ఆ రెండూ ఈస్ట్ (బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి) చేసే పని. మా టీమ్‌లో ఒకతను ఎసెన్స్ కలిపారని ఇప్పటికీ వాదిస్తాడు. చేదు కావాలంటే ఆర్బర్ పబ్‌లో రేజింగ్ ఎలిఫెంట్ ఐపీఏ, ఆ కంపెనీ మూలం అమెరికాలో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్, బెంగళూరుకి 2012లో వచ్చింది. వైట్‌ఫీల్డ్‌లో దిగితే విండ్‌మిల్స్ అనే పబ్ ఉంది, పుస్తకాలు, జాజ్ కచేరీలు, కాస్త ఖరీదు. ఇదివరకు వైట్‌ఫీల్డ్ హోటల్ నుంచి ఇందిరానగర్ వెళ్ళాలంటే ట్రాఫిక్ టెన్షన్‌తోనే తాగాలన్న కోరిక చచ్చిపోయేది, 2023లో పర్పుల్ లైన్ మెట్రో పూర్తయ్యాక ఆ బాధ తీరింది. తాగి బండి నడిపే గొడవా లేదు.

పుణెకి వేరే చరిత్ర. దేశంలో మొదట్లో వచ్చిన మైక్రోబ్రూవరీల్లో ఒకటైన డూలాలీ 2009లో అక్కడే మొదలైంది. వాళ్ళ యాపిల్ సైడర్‌ని చాలామంది బీరు లెక్కలోనే చెక్-ఇన్ చేస్తుంటారు, అందులో బార్లీ ఉండదు, ఉత్త యాపిల్ రసం పులిసినది. అయినా బాగుంటుంది. గోవాలో అయితే మైక్రోబ్రూవరీ వెతక్కుండా షాపులో ఎయిట్ ఫింగర్ ఎడ్డీ అనే బీరు క్యాన్ తీసుకుంటా, డబ్బా అడుగున తేదీ చూసి.

యాప్‌కి తెలియనివి కొన్ని ఉన్నాయి. ఎన్నికలొస్తే పోలింగ్ ముగిసే ముందు 48 గంటలూ మందు బంద్, గాంధీ జయంతి ఎలాగూ ఉంది, మద్యనిషేధం ఉన్న పట్నా, అహ్మదాబాద్ ట్రిప్పుల్లో యాప్ తెరవడమే అనవసరం. ఢిల్లీలో 25 ఏళ్ళు నిండాలి, టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లల్ని వెంటబెట్టుకెళ్తే గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, బిల్లు. తిండికి జీఎస్టీ, మందుకి ఆ రాష్ట్రం వ్యాట్. ముందే రెండు బిల్లులు చేయమని చెప్పండి, లేకపోతే ఎక్స్‌పెన్స్ క్లెయిమ్‌లో పన్నీర్ టిక్కా పక్కన స్టౌట్ పేరు చూసి అకౌంట్స్ వాళ్ళు మొత్తం బిల్లే వెనక్కి పంపిస్తారు. గ్లాసు ఒక్కోటి మూడొందలు, నాలుగొందలు పైనే కాబట్టి జేబుకి తెలుస్తుంది కూడా.

డబ్బు కట్టే వెర్షన్ నాకైతే అవసరం రాలేదు. బ్యాడ్జీల సరదా మొదట్లో ఉండేది, ఇప్పుడు నోటిఫికేషన్లే ఆపేశా. అకౌంట్ మాత్రం ప్రైవేట్‌లో పెట్టుకోండి, తలనొప్పి అని చెప్పి టీమ్ డిన్నర్ ఎగ్గొట్టిన రాత్రి ఎక్కడ ఉన్నామో అందరికీ తెలియాల్సిన పనిలేదు.

వచ్చే నెల చండీగఢ్ పంపేలా ఉన్నారు. అక్కడ మైక్రోబ్రూవరీలు బాగానే ఉన్నాయి గానీ యాప్‌లో నాకు కనిపించే చెక్-ఇన్‌లన్నీ పాతవే. ఈమధ్య వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎక్కడ ఏది తాజాగా ఉందో చెప్పండి.