కిరాయి అప్పీలు: ఇల్లు ఎవరిదో మాత్రం అక్కడ తేలదు

హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేయమని రెంట్ కంట్రోలర్ (కిరాయి తగువులు మొదట విచారించే అధికారి) ఉత్తర్వు ఇస్తే అప్పీలు వేయాల్సింది సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి ముందు. తెలంగాణలోని మిగతా జిల్లాల్లో ఈ పని సీనియర్ సివిల్ జడ్జిది. 1960 కిరాయి చట్టం 20వ సెక్షన్ ఇచ్చే గడువు 30 రోజులు. కంట్రోలర్ తప్పు దిద్దించుకోవడానికి ఇది మంచి వేదికే. చిక్కేమిటంటే, చాలామంది ఇక్కడికి ఓనర్‌షిప్ తేల్చుకుందామని వస్తారు.

పాత ఓనరు పోతారు. ఇద్దరు కొడుకులు చెరో నోటీసు పంపుతారు. లేదా ఒకరు అమ్మేస్తే, కొన్నాయన వచ్చి కిరాయి అడుగుతాడు. కిరాయిదారు ‘నువ్వు ఓనరువే కాదు’ అంటాడు. ఈ చట్టం కింద చూసేది ఒక్కటే: ఆ మాట నిజమైన అనుమానంతో అన్నదా, కాలం గడపడానికి అన్నదా? నిజమైనదే అనిపిస్తే ఓనరును సివిల్ కోర్టుకు పొమ్మంటారు. ఉత్తిదని తేలితే ఆ మాటే ఖాళీ చేయించడానికి కారణమవుతుంది. కేసు పడ్డాక కౌంటరులో, అంటే కిరాయిదారు రాసిచ్చే జవాబులో, మొదటిసారి అన్నా సరే, ఫలితం ఇంతేనని ఆంధ్రప్రదేశ్ కేసులోనే 1989లో సుప్రీంకోర్టు చెప్పింది.

తాళం చేతికిచ్చిన మనిషి హక్కును కిరాయిదారు కాదనలేడు. పాత ఎవిడెన్స్ చట్టం 116వ సెక్షన్, దాని బదులు వచ్చిన ఇప్పటి సాక్ష్య అధినియమం 122వ సెక్షన్ చెప్పేది అదే. ఆయన తర్వాత వారసుడినని, కొన్నానని వచ్చినవాళ్లను మాత్రం కాగితం చూపించమనొచ్చు. అయితే వాళ్లకు ఒకసారి ఓనరుగా ఒప్పుకొని కిరాయి కట్టాక ఆ వాదనకు బలం ఉండదు. కిరాయిదారే ‘నేను కొనుక్కున్నా’ అని రిజిస్టర్ కాని అగ్రిమెంటు తీస్తే? దానితో హక్కు రాదు, కేసు మాత్రం పాడవుతుంది.

అసలు దెబ్బ తగిలేది డబ్బు దగ్గర. ఓనరెవరో తెలియదుగా అని కిరాయి ఆపేస్తారు. అంతకన్నా పెద్ద పొరపాటు లేదు. ఎవరికివ్వాలో నిజంగా సందేహం ఉంటే కిరాయి చట్టం 9వ సెక్షన్ కింద డిపాజిట్ చేసే దారి ఉంది. ఇక 11వ సెక్షన్ ప్రకారం బకాయి మొత్తం కట్టి, ఆపైన నెలనెలా కడుతూ ఉంటేనే అప్పీలు నడుస్తుంది. ఆగితే విచారణ నిలిపేసి ఇల్లు అప్పగించమంటారు. బకాయి ఎంతన్నదే తగువైతే ఆ లెక్క ఆ కోర్టే తేలుస్తుంది. రసీదులు, చలాన్లు నెలల వారీగా పేర్చి దాచుకోండి.

అప్పీలు గడువు లెక్కకు, ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు) మీద వేసే ముద్ర చదవడం నేర్చుకోవాలి: దరఖాస్తు ఇచ్చిన తేదీ, కాపీ ఖర్చుకు స్టాంపులు కోర్టు అడిగిన తేదీ, మీరు కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, తీసుకున్న తేదీ. 1న ఉత్తర్వు వచ్చింది, 5న దరఖాస్తు ఇచ్చారు, 19న కాపీ సిద్ధమైంది అనుకుందాం. ఆ 15 రోజులు గడువులోంచి తీసేస్తారు. 9న స్టాంపులు అడిగితే 14న కట్టారా, ఆ ఆలస్యం మీ ఖాతాలోకే. సిద్ధమైన కాపీ తెచ్చుకోకుండా గడిపిన రోజులూ అంతే.

ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే వాయిదా తేదీ తెలుస్తుంది. ఆ పని వరకు బాగుంది. అందులోని ఉత్తర్వు పీడీఎఫ్‌ను సర్టిఫైడ్ కాపీ అనుకోకండి.

అప్పీలు వేస్తే స్టే దానంతటదే రాదు. వేరే పిటిషన్ వేసి అడగాలి. కాగితాలన్నీ ఈ దశలోనే పెట్టేయాలి. తర్వాత హైకోర్టులో 22వ సెక్షన్ కింద ఉండేది రివిజనే, అక్కడ సాక్ష్యం మళ్లీ మొదటి నుంచి తూచరు.

కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 దాటితే ఈ చట్టమే వర్తించదు. ఈ రోజుల్లో ఆ లోపు ఎన్ని ఇళ్లు ఉంటాయో మీరే చూసుకోండి. ఆ పైవాళ్లకు సివిల్ దావా, దాని మీద సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద అప్పీలు. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. అక్కడ స్టే ఇచ్చేటప్పుడు పాత కిరాయి కాదు, ఇప్పటి మార్కెట్ కిరాయి కట్టమని షరతు పెట్టొచ్చు. వకీలు ఫీజు మాట్లాడుకునే ముందు ఆ మార్కెట్ కిరాయి నెలకు ఎంతవుతుందో లెక్కేసుకోండి.