ఆరొందల పెన్‌డ్రైవ్, ఆరొందల కిలోమీటర్లు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అనకాపల్లి కారులో వెళ్లాం. దారిలో పాటలకని మా వీధి చివరి మొబైల్ షాపులో పెన్‌డ్రైవ్ కొన్నాను. 32 జీబీ, 600 రూపాయలు. "మూడు వేల పాటలు సార్, విన్నది మళ్లీ రాదు" అన్నాడు కుర్రాడు. వచ్చింది. ఒకే పాట నాలుగుసార్లు.

మంచి ముందు చెప్తాను. అతను మొదట ఇచ్చింది 64 జీబీది. నా 2014 కారు స్టీరియో దాన్ని అసలు గుర్తించలేదు. అవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, పాత స్టీరియోలకి ఫ్యాట్32 అయితేనే చదవడం వచ్చు. మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు.

తెల్లవారుజామున రెండున్నరకి ఎల్బీనగర్ దాటాం. పంతంగి టోల్ దగ్గర బారులు తీరిన కార్లు. అక్కడ అర్థమైంది, పాటలన్నీ అక్షరక్రమంలో పెట్టేశాడని. ఆకాశం, ఆమని, అందం... సూర్యాపేట దాకా అకారమే! విసుగొచ్చి షఫుల్ నొక్కా. కోదాడ ఇంకా రాలేదు, బయట చీకటి, ఘంటసాల భగవద్గీత మొదలైంది.

"ఒరే, ముందది మార్చరా. పండక్కెళ్తూ ఎవరో పోయినట్టు!" అంది అమ్మ.

"ఆయన గొంతు వినడానికి ఎవరో పోవాలా?" అన్నారు నాన్న. నందిగామ టీ దాకా ఇద్దరికీ మాటల్లేవు.

సౌండ్ సంగతి. ఒక పాట చెవి పెడితేగానీ వినపడదు, పెంచుకుంటే తర్వాతది గూబ పగలగొడుతుంది. ఎన్నిచోట్ల నుంచి ఏరుకొచ్చాడో. నా కారులో ఎడమ స్పీకర్లు రెండూ పోయాయి (బాగు చేయించాలి, మూణ్ణెల్లుగా అంటున్నాను). ఇళయరాజా పాటల్లో సగం వాద్యాలు మాయం. గిటారు ఏదని వెతుక్కోవాల్సి వచ్చింది. నాన్న కాలం పాటలు మాత్రం నిండుగా వినపడ్డాయి. అవి మోనో రికార్డింగులు, రెండు పక్కలా ఒకే శబ్దం, ఏ పక్క స్పీకర్ పోయినా ఉన్నదాంట్లోంచే మొత్తం వస్తుంది. ఆయన దీన్ని తన గెలుపు కిందే లెక్కేసుకున్నారు.

రాజమండ్రిలో భోజనం. అసలు గండం ఆ తర్వాతే. వెనక సీటంతా నిద్ర, మధ్యాహ్నం ఎండ, నేరుగా పోయే రోడ్డు, పైగా మెలోడీలు. రెండుసార్లు రెప్ప పడింది. కారు పక్కకి తీసి, మొహం కడుక్కుని, పెన్‌డ్రైవ్‌లో గాలించాను. అట్టడుగున 'ఇతరములు' అని ఒక ఫోల్డర్. అందులో నాజర్ బుర్రకథ, అల్లూరి సీతారామరాజు.

పాటైతే తెలిసిందేగా అని మనసు పక్కకి పోతుంది. కథ అలా పోనివ్వదు. గుమ్మెట దెబ్బ, వెంటనే తందాన తాన, హాస్యం చెప్పేవాడి ఎకసెక్కం, అంతలో మళ్లీ కథ. నిద్ర ఎటు పోయిందో! వెనక నుంచి నాన్న లేచి వంత మొదలెట్టారు. ఆ 600 ఈ ఒక్కదానికే చెల్లు. కుర్రాడికి మాత్రం అది అందులో ఉన్నట్టే తెలీదు, తర్వాత అడిగాను.

అన్నవరంలో కొండ కింద ప్రసాదం కోసం ఆపితే నాన్న దిగలేదు. "కథ అయ్యాక వస్తా, ఇంజన్ ఆపకు" అన్నారు. విస్తరాకు పొట్లం వేడిగా చేతిలో పట్టుకుని, అద్దం బయట నేనూ అమ్మా నిలబడ్డాం.