జియోనోడ్: శాఖల మధ్య భౌగోళిక సమాచారం పంచుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

రోడ్ల శాఖ, నీటి సరఫరా సంస్థ, సర్వే విభాగం ఒకే ప్రాంతానికి వేర్వేరు పటాలు దాచుకుంటాయి; ఒకరు అడిగితే మరొకరు ఫైలు పంపుతారు; పంపిన మర్నాటి నుంచే ఆ ఫైలు పాతబడటం మొదలవుతుంది. విపత్తు ముప్పుకు సంబంధించిన సమాచారాన్ని పంచుకోవడం కోసం ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో మొదలై, నేడు ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌గా ఎదిగిన జియోనోడ్ ఈ చిక్కును చాలావరకు తీరుస్తుందని నా అభిప్రాయం.

దీని అసలు బలం ఫైళ్లు పంపే అవసరాన్నే తగ్గించడంలో ఉంది. ఒక శాఖ తన డేటాను ఇందులోకి ఎక్కించగానే, లోపల పనిచేసే జియోసర్వర్ అనే పటాల సర్వర్ దాన్ని డబ్ల్యూఎంఎస్, డబ్ల్యూఎఫ్‌ఎస్ అనే ప్రామాణిక సేవలుగా అందిస్తుంది. మొదటిది పటాన్ని బొమ్మగా చూపితే, రెండవది గీతలను, బిందువులను వాటి వివరాలతో సహా ఇస్తుంది. కనుక మరో శాఖ ఉద్యోగి తన కంప్యూటర్‌లోని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఆ సేవ చిరునామా ఇచ్చుకుంటే చాలు, యజమాని శాఖ జియోనోడ్‌లో చేసిన సవరణ ఆయన పటాన్ని మళ్లీ తెరిచినప్పుడు కనిపిస్తుంది. ఏ డేటాను ఎవరు చూడాలో, ఎవరు దింపుకోవాలో, ఎవరు సవరించాలో విడివిడిగా, వ్యక్తికైనా బృందానికైనా నిర్ణయించే వీలుండటం నాకు అన్నిటికన్నా నచ్చింది. తమ సమాచారం చేతులు దాటిపోతుందన్న భయమే చాలా శాఖలను వెనక్కి లాగుతుంది మరి.

మెటాడేటా (డేటా గురించిన వివరాలు) విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ చేయగలిగింది సగమే. భౌగోళిక మెటాడేటాకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 19115కు తగిన ముఖ్యమైన గడులు ఇందులో ఉన్నాయి, నిర్వాహకులు ఆమోదించాకే డేటా బయటికి కనిపించేలా అమర్చుకోవచ్చు కూడా. అయినా ఎక్కించేవారు పేరు ఒక్కటే రాసి వదిలేస్తే ఆ డేటా ఉండీ లేనట్టే. 1:50,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. అలాంటి పటం నుంచి గీసిన పైపులైను గీతను, దాని స్కేలు తెలియక, తవ్వకానికి ఆధారంగా తీసుకుంటే జరిగే నష్టం ఎంతో ఊహించవచ్చు. స్కేలు, సర్వే తేదీ, బాధ్యుడైన అధికారి హోదా నింపనిదే ఆమోదించకూడదన్న నియమాన్ని తొలిరోజు నుంచే పాటించాలి.

లోపాలూ ఉన్నాయి. జాంగో (వెబ్‌సైటును నడిపేది), పోస్ట్‌జీఐఎస్ (డేటాను దాచేది), జియోసర్వర్ వంటి అనేక భాగాలు కలిసి నడవాలి కాబట్టి, కొత్త వెర్షన్‌కు మారే ప్రతిసారీ అనుభవం ఉన్న సాంకేతిక సిబ్బంది తప్పనిసరి. ఒక గీతను ఎవరు, ఎప్పుడు, ఎలా మార్చారన్న పూర్తి చరిత్ర దానంతట అది నిలవదు. భూమి హద్దుల వంటి వివాదాస్పద డేటాకు ఇది పెద్ద లోటే. షేప్‌ఫైలు అనే పాత ఫైలు రూపంలో కాలమ్ పేరు 10 అక్షరాలకు మించి నిలవదు కనుక, ఎక్కించేటప్పుడు జియోప్యాకేజ్ అనే కొత్త రూపాన్ని ఎంచుకోవడం మేలు.

ఇద్దరు ముగ్గురు నిపుణులను శాశ్వతంగా కేటాయించగల ఉమ్మడి సంస్థకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అలాంటి సిబ్బంది లేని చిన్న కార్యాలయం సొంతంగా ఒకటి నెలకొల్పే బదులు, పై స్థాయి సంస్థ నడిపే జియోనోడ్‌లో తన బృందానికి ఖాతా తీసుకోవాలి.