ఇ. డియాస్ అంటే ఎవరు? ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్ యాప్‌ను కొన్ని సీజన్లు వాడాక

ఈ యాప్ కొనండి, కొనకపోండి, మీ ఇష్టం. లైవ్ సింక్ మీద మాత్రం ఆధారపడకండి. (సీజన్‌కు ముందు మన టీముకు ఆటగాళ్లను ఎంచుకోవడమే డ్రాఫ్ట్, అది జరిగే ఆన్‌లైన్ గదికి యాప్‌ను నేరుగా కలిపేదే లైవ్ సింక్.) ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో వేసేది ఆ ఫీచర్‌నే. "మీ డ్రాఫ్ట్ రూమ్‌కు కలిపేయండి, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. వాళ్లు చూసుకున్న తీరు నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇలాంటివి మార్కెట్లో చాలా ఉన్నాయి, వాడినవాళ్లకు ఫీచర్ల వర్ణన చూస్తేనే అర్థమవుతుంది.

ర్యాంకింగ్స్, ప్రొజెక్షన్స్, గాయాల అలర్ట్‌లు అన్నీ అందరి దగ్గరా ఉన్నవే కాబట్టి వాటి జోలికి పోను. నా సంగతి ఒక్క ముక్కలో: ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆఫీసు లీగ్, 12 టీములు, పాతకాలపు రోటిసరీ పద్ధతి (సీజన్ మొత్తం లెక్కలు చూసి ఒక్కో కేటగిరీలో టీములకు వరసగా పాయింట్లు వేస్తారు), ఐదు బ్యాటింగ్ కేటగిరీలు, ఐదు పిచింగ్ కేటగిరీలు, స్నేక్ డ్రాఫ్ట్ (ఒక్కో రౌండ్‌కూ వంతుల వరస తిరగబడుతుంది). ఐపీఎల్ ఫాంటసీ అలవాటున్నవాళ్లకు ఒక్క తేడా చెప్పాలి. అక్కడ కోహ్లీని నువ్వూ పెట్టుకోవచ్చు, నేనూ పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక ఆటగాడు లీగ్ మొత్తంలో ఒక్కరికే. మార్చిలో ఒక రాత్రి చేజారినవాడు సెప్టెంబరు దాకా పక్కవాడి టీములో హోమ్ రన్‌లు కొడుతూనే ఉంటాడు, మనం చూస్తూనే ఉండాలి.

2023 సీజన్‌కు ముందు ఈ యాప్ మీద నాకు చాలా గురి. దానికి కారణం ఉంది. ఆ ఏడాది మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి బేస్‌బాల్ లీగ్) రూల్స్ బాగా మార్చారు. బేస్ 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది. పిచర్‌కు క్లాక్ పెట్టారు. రన్నర్‌ను అదిలించడానికి పిచర్ రెండుసార్లకు మించి రబ్బర్ (బంతి వేసేటప్పుడు కాలు ఆనించే పలక) వదలకూడదు, మూడోసారి వదిలితే అవుట్ చేసి తీరాలి, లేకపోతే రన్నర్ ఉత్తి పుణ్యానికి ముందు బేస్‌కు వెళ్లిపోతాడు. దీంతో స్టోలెన్ బేస్‌లు (బ్యాటర్ కొట్టకుండానే రన్నర్ పరిగెత్తి తర్వాతి బేస్ పట్టేయడం) అమాంతం పెరుగుతాయని, వేగం ఉన్న కుర్రాళ్లను ముందే పట్టుకోమని యాప్ గట్టిగా చెప్పింది. చెప్పినట్టే జరిగింది. 2022లో లీగ్ మొత్తం మీద 2,486 స్టోలెన్ బేస్‌లు ఉంటే 2023లో 3,503 అయ్యాయి. రోనాల్డ్ అకూన్యా ఒక్కడే 41 హోమ్ రన్‌లు, 73 స్టోలెన్ బేస్‌లు. అంతకుముందు ఎవరూ 40-70 చేయలేదు. మైనర్ లీగ్‌లలో ఆ రూల్స్ అప్పటికే ఆడించి చూశారు కాబట్టి ఈ జోస్యం చెప్పినవాళ్లు ఇంకా బోలెడు మంది ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. అయినా సరే, యాప్ నాకు చూపించిన పేరు మంచి పేరు: అరిజోనా కుర్రాడు కోర్బిన్ కారల్. మూడో రౌండ్‌లో తీసుకోమంది. నేనూ అదే అనుకున్నాను.

డ్రాఫ్ట్ రోజు మార్చి 15, బుధవారం రాత్రి. దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ నడుస్తోంది. మయామీలో పోర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్ మ్యాచ్, ఓడినవాళ్లు ఇంటికే. పిల్లలు పడుకున్నారు, టీవీ సౌండ్ తగ్గించి పెట్టుకున్నాను, ల్యాప్‌టాప్‌లో ఒక పక్క డ్రాఫ్ట్ రూమ్, ఇంకో పక్క యాప్. లైవ్ సింక్ ఆన్. దాని పని రెండు రకాలు. డ్రాఫ్ట్ రూమ్‌లో ఎవరెవరు పోయారో చూసి మన లిస్టులోంచి కొట్టేస్తుంది. మన లిస్టులో పైనున్నవాళ్లను డ్రాఫ్ట్ రూమ్ క్యూలోకి పంపుతుంది. మన టైమ్ అయిపోతే క్యూలో మొదటివాడు మన టీములో పడతాడు.

మొదటి రెండు రౌండ్లు బాగానే నడిచాయి. మూడో రౌండ్ నడుస్తుండగా మ్యాచ్ చివరికి వచ్చింది. పోర్టోరికోకు ఆడుతున్న న్యూయార్క్ మెట్స్ క్లోజర్ (చివర్లో వచ్చి ఆధిక్యం కాపాడే పిచర్) ఎడ్విన్ డియాస్ తొమ్మిదో ఇన్నింగ్స్ వేసి ముగ్గురినీ స్ట్రైకవుట్ చేశాడు. 5-2తో పోర్టోరికో గెలిచింది. అందరూ ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. ఆ గుంపు మధ్యలో డియాస్ ఉన్నట్టుండి కూలబడ్డాడు. కుడి మోకాలు. ఆట అయిపోయాక, ఎవరూ తగలకుండా, గెంతుతూ గెంతుతూ. పక్కనే తమ్ముడు అలెక్సిస్ డియాస్ ఏడుస్తున్నాడు. కాసేపటికి వీల్‌చెయిర్ తెచ్చారు.

నా లిస్టులో కారల్ కంటే ఒక మెట్టు పైన ఉన్నది ఈ ఎడ్విన్ డియాసే. అంతకుముందు ఏడాది 62 ఇన్నింగ్స్‌లో 118 స్ట్రైకవుట్లు, 1.31 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే సగటు పరుగులు) అంటే ఎవరి లిస్టులోనైనా ఉంటాడు. వీల్‌చెయిర్ చూడగానే యాప్‌లో అతని పేరు పక్కన ఇంటూ మార్కు కొట్టాను. "ఇ. డియాస్ తొలగించబడ్డాడు" అని ఆకుపచ్చ పట్టీ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. నా వంతు వచ్చింది. కారల్ పేరు మీద డ్రాఫ్ట్ బటన్ నొక్కాను. చక్రం తిరుగుతోంది. 40 సెకన్లు, 30 సెకన్లు, చక్రం తిరుగుతూనే ఉంది. డ్రాఫ్ట్ రూమ్ ట్యాబ్‌కు వెళ్లి అక్కడే నొక్కుదామంటే "వేరే పరికరం నుంచి ఎంపిక జరుగుతోంది" అని తాళం వేసి కూర్చుంది. టైమ్ అయిపోయింది. గంట మోగింది. నా మూడో రౌండ్ ఆటగాడు: ఎడ్విన్ డియాస్.

లీగ్‌లో నాతో పాటు ఉన్న ఇంకో తెలుగు కుర్రాడు చాట్‌లో వెంటనే పెట్టాడు: "అన్నా, డియాస్‌ను తీశావేంటి? టీవీ పెట్టలేదా?" తర్వాత వంతు వాడిదే. కారల్‌ను వాడే తీసుకున్నాడు. కమిషనర్‌ను అడిగితే పిక్ వెనక్కి తిప్పేది లేదన్నాడు. అదీ న్యాయమే, ఒకరికి తిప్పితే పన్నెండు మందికీ తిప్పాలి.

తీరిగ్గా లిస్టు పైనుంచి కిందికి చూస్తే అసలు విషయం బయటపడింది. యాప్ తొలగించిన "ఇ. డియాస్" ఎడ్విన్ కాదు, కొలరాడో క్యాచర్ ఎలియాస్ డియాస్! ఎవరూ అడగని క్యాచర్ పేరు మీద అడ్డగీత ఉంది. ఎడ్విన్ క్యూలో నెంబర్ వన్‌గా దర్జాగా కూర్చున్నాడు. అంటే ఈ యాప్ రెండు లిస్టులనూ పొడి అక్షరం, ఇంటిపేరు చూసి కలుపుతోందన్నమాట. మన గవర్నమెంటు ఆఫీసులో "కె. శ్రీనివాస్ గారు ఉన్నారా" అని అడిగితే నలుగురు లేచి నిలబడ్డట్టే. మేజర్ లీగ్‌లో ప్రతి ఆటగాడికీ ఒక ఐడీ నంబరు ఉంటుంది. పేరు మారినా, టీము మారినా ఆ నంబరు మారదు. నేను డేటా పనిలోనే ఉన్నాను. రెండు టేబుళ్లను పేరుతో కలపకూడదని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చెబుతారు. డబ్బు తీసుకుని అమ్మే వస్తువులో ఇంత మొరటు పనా?

సపోర్ట్‌కు స్క్రీన్‌షాట్లతో సహా రాశాను. చాలా రోజుల తర్వాత జవాబొచ్చింది. పేర్లు డ్రాఫ్ట్ సైట్ నుంచి అలాగే వస్తాయట, వాళ్లు చేసేదేమీ లేదట, వచ్చే ఏడాదికి డిస్కౌంట్ కూపన్ ఇస్తున్నారట. చక్రం ఎందుకు తిరిగిందో అడిగిన ప్రశ్నకు జవాబే లేదు.

ఆ సీజన్ ఎలా గడిచిందో చెప్తాను. మర్నాడే మెట్స్ ప్రకటించారు, మోకాలి చిప్ప కింద టెండన్ పూర్తిగా తెగింది, సర్జరీ. డియాస్ ఆ ఏడాది ఒక్క బంతి కూడా వేయలేదు. కారల్ 25 హోమ్ రన్‌లు, 54 స్టోలెన్ బేస్‌లతో నేషనల్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్. ఎలియాస్ డియాస్ జూలైలో సియాటెల్ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో హోమ్ రన్ కొట్టి ఎంవీపీ అయ్యాడు, నా లిస్టులో మాత్రం అడ్డగీతతోనే ఉండిపోయాడు. ఆ రాత్రి తర్వాతి రౌండ్లలో, సింక్ ఆపేసి, డ్రాఫ్ట్ రూమ్‌లో నా చేత్తో నేనే నొక్కి తీసుకున్న అలెక్సిస్ డియాస్ సిన్సినాటికి 37 సేవ్‌లు (ఆధిక్యం కాపాడి ముగించిన మ్యాచ్‌లు) చేశాడు. అదొక్కటే ఊరట. అక్టోబరు, నవంబరుల్లో మా టెక్సస్ రేంజర్స్ ఆ కారల్ టీమునే ఓడించి మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు కాబట్టి కోపం కొంత చల్లారింది కూడా.

మరి ఇంత జరిగాక ఎందుకు వాడుతున్నావని అడగొచ్చు. టియర్స్ (అంచెలు) కోసం. ఆటగాళ్లను ఒకటి, రెండు, మూడు అని వరసగా కాకుండా మెట్లు మెట్లుగా విడగొట్టి, మెట్టుకూ మెట్టుకూ మధ్య గీత గీస్తుంది. షార్ట్‌స్టాప్‌లలో ఈ గీత పైన ఇంకా నలుగురున్నారు, రెండో బేస్‌లో ఒక్కడే మిగిలాడు అని కంటికి కనిపిస్తే నిర్ణయం ఇట్టే తేలిపోతుంది. ఈ గీతలు గీయడంలో ఈ యాప్‌కు సాటి వచ్చేది నాకు ఇంకా దొరకలేదు. గాయాల వార్తలు కూడా చురుగ్గా వస్తాయి. 2025 మార్చిలో యాంకీస్ పిచర్ గెరిట్ కోల్‌కు టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్‌కు చేసేది) అని తేలినప్పుడు నేను వార్త చూసేలోపే లిస్టులో అతన్ని కిందికి దించేసింది.

ప్రొజెక్షన్స్ బ్రహ్మాండం అని పోయినసారి స్నేహితులకు గట్టిగా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కాస్త తగ్గించుకుంటాను. హువాన్ సోటో 2025లో 38 బేస్‌లు దొంగిలిస్తాడని ఎవరనుకున్నారు? అంతకుముందు అతని గరిష్ఠం 12. జాష్ నేలర్ లీగ్‌లో నెమ్మదిగా పరిగెత్తేవాళ్ల లెక్కలోకి వస్తాడు, అతను 30 దొంగిలించాడు. ఏ యాప్ అయినా గడిచిన ఏళ్ల సగటు చుట్టూనే తిరుగుతుంది, ఇలాంటివి పట్టదు. అందుకు తప్పుపట్టను గానీ, "మా అంచనాలు వేరు" అని ప్రకటనల్లో రాసుకోవడం మానేస్తే బాగుంటుంది.

పేర్ల గొడవ తీరిందా అంటే సగం తీరింది. డియాస్‌లు ఇప్పుడు పూర్తి పేర్లతో కనిపిస్తున్నారు. కానీ 2025లో అథ్లెటిక్స్ టీముకు మాక్స్ మన్సీ అనే కుర్రాడు వచ్చాడు. డాడ్జర్స్‌లో ఎప్పటినుంచో ఒక మాక్స్ మన్సీ ఉన్నాడు. పూర్తి పేరు ఒకటే, ఇద్దరినీ అథ్లెటిక్స్ డ్రాఫ్ట్ చేసింది, పుట్టినరోజు కూడా ఇద్దరిదీ ఆగస్టు 25. పేరూ పుట్టినరోజూ కలిపి చూసినా తేడా తెలియదు, ఏడాది కూడా చూడాలి. సింక్ ఆన్ చేస్తే ఈ ఇద్దరిలో ఒకరు పోగానే ఇద్దరూ మాయమవుతున్నారు. ఈ వారం మళ్లీ చేసి చూశాను, ఇంకా అలాగే ఉంది.

2026 మార్చిలో మళ్లీ వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్. ఎడ్విన్ డియాస్ ఇప్పుడు డాడ్జర్స్ మనిషి, క్లోజర్ల మొదటి మెట్టులోనే ఉన్నాడు. మీ లీగ్‌లో మాట చెల్లితే డ్రాఫ్ట్‌ను ఆ టోర్నీ ఫైనల్ అయ్యాక పెట్టించుకోండి. మా లీగ్‌లో ఈసారి అలాగే ఒప్పించాం. 2026 సీజన్‌లో ఇంకో కొత్త సంగతి, బాల్-స్ట్రైక్ ఛాలెంజ్, అంటే బంతి జోన్‌లో పడిందా లేదా అన్న అంపైర్ తీర్పును సవాలు చేయడం. టీముకు రెండు ఛాలెంజ్‌లు, గెలిస్తే పోవు. బ్యాటర్, పిచర్, క్యాచర్ తప్ప ఇంకెవరూ అడగకూడదు. స్ట్రైక్ జోన్ అంచుల మీద బతికే పిచర్లకు ఇది కష్టమవుతుందేమోనని నా అనుమానం. యాప్‌లో దీని మీద ఒక పేరా నోట్ పెట్టారు, అంచనాల్లో ఏం మార్చారో మాత్రం చెప్పలేదు. 2023లో బేస్‌ల గురించి అంత గట్టిగా చెప్పినవాళ్లు ఇక్కడ ఎందుకో నసుగుతున్నారు.

మీరు ఒకే గదిలో కూర్చుని వేలం పద్ధతిలో ఆడే లీగ్ అయితే సింక్ గొడవే ఉండదు, టియర్స్ ప్రింట్ తీసుకుని వెళ్లండి, పెట్టిన డబ్బు దండగ కాదు. నాలాగా ఆన్‌లైన్‌లో, రాత్రిపూట, నిమిషం గడియారం మీద డ్రాఫ్ట్ చేసేవాళ్లయితే రెండో స్క్రీన్‌లో చూడ్డానికి మాత్రమే వాడండి, నొక్కేది డ్రాఫ్ట్ రూమ్‌లోనే నొక్కండి. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లకు ఉచితంగా దొరికే లిస్టులు ఒక సీజన్‌కు సరిపోతాయి. నేను ఈ ఏడాది కూడా రెన్యూ చేశాను. వాళ్లు ఇచ్చిన కూపన్ గడువు ఎప్పుడో అయిపోయిందట, పూర్తి ధరే కట్టించుకున్నారు.